పప్పులో ఉప్పు పడని రోజు

2012లో అశోక్ నగర్‌లో నాకో మెస్ ఉండేది. కోచింగ్ సెంటర్లలో చదివే పిల్లలే నా గిరాకీ. పొద్దున్నే చిక్కడపల్లి మార్కెట్ నుంచి కూరగాయలు మోసుకొస్తే, సాయంత్రానికి నడుము పనికొచ్చేది కాదు. మెస్సుల్లో వంటమనిషిని మాస్టర్ అంటారు. మా మాస్టర్ భీమవరం వైపు మనిషి. చెయ్యి మంచిదే, కోపమే ముక్కు మీద ఉండేది.

నరేష్ కరీంనగర్ నుంచి వచ్చి గ్రూప్స్‌కు చదివేవాడు. పప్పు మారు వడ్డించుకోకుండా లేచేవాడు కాదు. అలాంటివాడు, ఫలితాల్లో తన నంబరు లేకపోయేసరికి గోడవైపు తిరిగి కూర్చుని, నాలుగు ముద్దలు కెలికి లేచిపోవడం మొదలుపెట్టాడు.

"ఏంది తమ్మీ, గంతేనా?"

"పప్పు సప్పగున్నదక్కా. ఏం తిన్నా గడ్డి నమిలినట్టే ఉంటున్నది."

మెస్సుకు రుచే ప్రాణం. ఒకడు చప్పగుందంటే పదిమంది పక్క గల్లీ చూసుకుంటారు. ఉప్పు పెంచమన్నాను. మిగతావాళ్లు గ్లాసుల కొద్దీ నీళ్లు తాగి నన్ను తిట్టుకున్నారు. తగ్గించాను. నరేష్‌కు అదీ ఇదీ ఒకటే. బుగ్గలు లోపలికి పోయాయి. చదువుతూ కళ్లు తిరిగి పడ్డాడని రూమ్మేట్ చెప్పాడు. నాకు భయమేసింది. మళ్లీ ఉప్పు పెంచమనేసరికి మాస్టర్ గరిటె విసిరేశాడు.

"ఉప్పు మీద ఉప్పేస్తే పప్పవదమ్మా, ఆవకాయవుద్ది! రేపట్నుంచి ఉప్పు మీరే వేసుకోండి!"

మర్నాడు, కోపం తగ్గి ఆయనే వేసుంటాడని నేను, నేనే వేసుంటానని ఆయన అనుకున్నాం. గుండిగెడు పప్పు ఉప్పు లేకుండానే హాల్లోకి వెళ్లింది.

"అక్కా, ఉప్పు మర్శిన్రు!" అని అన్ని బెంచీల నుంచీ కేకలు. ఉప్పు డబ్బా పట్టుకుని పరుగెత్తాను. చివరి బెంచీలో నరేష్, ఆ రోజు గోడవైపు కాకుండా మనుషులవైపు తిరిగి, గబగబా తింటున్నాడు.

"నౌకరొచ్చిందక్కా! ఇంకో పరీక్ష రాసిన గద, గది. చిన్నదే, మండల ఆఫీసుల."

సంతోషమని చెప్పి ఉప్పు వెయ్యబోతే కంచానికి చెయ్యి అడ్డం పెట్టాడు.

"వద్దక్కా, ఇయ్యాల ఉప్పు సరిగ్గ పడ్డది. ఇంకింత పప్పెయ్యి."

వేశాను. వంటగది గుమ్మంలోంచి మాస్టర్ నావైపు చూశాడు. నేను ఉప్పు డబ్బాతో పక్క బెంచీకి కదిలాను.

మెస్ నడిపినన్నాళ్లూ, ఎవరైనా చప్పగుందంటే ముందు నేను రుచి చూసేదాన్ని. ఉప్పు సరిపోయి ఉంటే, ఎంత అలిసిపోయి ఉన్నా ఆ పిల్లాడి పక్కన కూర్చుని "ఏమైంది తమ్మీ?" అని అడిగేదాన్ని. నిజం చెప్పాలంటే, ఉప్పు వెయ్యడమే సులువు.