పంపు గొడవలో దుభాషమ్మ

సరిహద్దు కంచె పక్కన రేకుల షెడ్డు. అందులో బల్ల, బల్ల నడిమధ్యన తెల్ల గీత. గీతకు అటు ఒక దేశం, ఇటు ఒక దేశం. పంతొమ్మిదేళ్ల పాటు ఆ గీత కొసన కుర్చీ వేసుకుని, అటు మాట ఇటూ ఇటు మాట అటూ చేరవేసినావిడను రెండు వైపులవాళ్లూ దుభాషమ్మ అనేవారు.

ఆవిడ చేతిలో పడితే ఎంత తిట్టయినా తలంటుకుని, ఇస్త్రీ బట్టలేసుకుని బయటికొచ్చేది. "ఈయనకి బుర్రుందా అసలు?" అని ఇటు అధికారి పళ్లు నూరితే, "తమరు మరోసారి ఆలోచిస్తారని ఆశిస్తున్నారు" అని అటు వినిపించేది.

ఆ ఏడు తగువు నీళ్ల పంపు మీద. కంచె దగ్గర బావి ఒక్కటే. పంపు ఎవరు ఎన్ని గంటలు తిప్పుకోవాలో తేలక దానికి సీలు వేశారు. రెండు వైపుల జనమూ ట్యాంకర్ల వెనక బిందెలతో పరుగులు. ఇటు మీసాలాయన లీటర్ల లెక్క తెచ్చేవాడు, అటు కళ్లజోడాయన వానల పట్టిక పరిచేవాడు. పదకొండు సమావేశాలయ్యాయి. లెక్కలు రెండూ సరైనవే, మనుషులే బిగుసుకుపోయారు.

పన్నెండో సమావేశం పొద్దున దుభాషమ్మ దవడపన్ను పీకించుకుంది. సగం మూతి మొద్దుబారింది.

"ఇవాళ్టికి సెలవు పెట్టవే" అన్నాడు మొగుడు.

"నేను మానేస్తే సైగలు చేసుకుంటారండీ. ఆ సైగలకి యుద్ధమే వస్తుంది" అని బయల్దేరింది.

మీసాలాయన పావుగంట లీటర్లు చదివి, చివర్న గొణిగాడు: "పోయినేడు నన్ను గేటు బయట గంటసేపు ఎండలో నిలబెట్టారు. వీళ్లతో మర్యాదేంటి!"

ఆ తోక మాటను ఆవిడ ప్రతిసారీ మింగేసేది. ఇవాళ మొద్దు నోరు అంకెలకు తిరగలేదు, ఆ తోకకు మాత్రమే తిరిగింది.

"ఎండలో గంట నిలబెట్టారట. కోపం."

కళ్లజోడాయన మొహం కందిపోయింది. "గేటు తాళంచెవి కనపళ్లేదండీ. చివరికి నా జేబులోనే ఉంది. చెప్పుకోడానికి సిగ్గేసింది."

ఆవిడ అదీ ముక్కలు ముక్కలుగానే అందించింది. మీసాలు వణికాయి. ఆపుకోలేక బల్ల చరిచి మరీ నవ్వాడాయన. "ఆ ముక్క అప్పుడే ఏడవొచ్చుగా!"

"అప్పుడే సెలవిస్తే బాగుండేదట" అంది దుభాషమ్మ, అలవాటు కొద్దీ.

అరగంటలో తేలిపోయింది. పొద్దున అటు, సాయంత్రం ఇటు. వానల లెక్కలు హేతుబద్ధంగా పరిశీలించడం వల్లే ఒప్పందం కుదిరిందని రెండు రాజధానులకూ నివేదికలు వెళ్లాయి. వాటినీ ఆవిడే అనువదించింది, అక్షరం పొల్లుపోకుండా.

అప్పట్నుంచి రిటైరయ్యేదాకా, కొత్త అధికారి ఎవరొచ్చినా కూర్చోకముందే అడిగేది: "కాగితాలు తర్వాత తీద్దురుగానీ, ముందు ఎవరి మీద కోపమో చెప్పండి." కొందరు గంటసేపు చెప్పేవారు. వాళ్ల పని వారంలో అయిపోయేది. "నాకసలు కోపమే రాదు" అన్నవాళ్ల సమావేశాలు మాత్రం ఏడాది సాగేవి.