కిటికీ కాడి సీటు

ఆయన పేరు నేను అడగలేదు. నంద్యాల బస్టాండులో కిటికీలోంచి తువ్వాలు విసిరి, తోపులాటలో అందరికంటే ముందే సీటు పట్టుకున్న పెద్దమనిషి. పక్కన కూర్చోబోతున్న నన్ను చూసి లేచాడు.

"నువ్వే కిటికీ కాడ కూచోప్పా, గాలి తగుల్తాది."

అంత కష్టపడి పట్టిన సీటు! నా మనసు కరిగిపోయింది.

నా ఫోన్‌లో చదరంగం చూసి, "ఆడతాండావా?" అన్నాడు.

"లేదన్నా, ఈ ప్రోగ్రాంకు పరీక్ష పెట్టినా. ఇప్పుడు ఏనుగును వదులుకుంటే చానా ఎత్తుల తర్వాత గెలుపు. ఆ సంగతి దీనికి ఎప్పుడు తడుతుందో చూడాల."

"యోచన చేస్తాందా?"

"చేస్తానే ఉంది."

బస్సు ఊరు దాటి ఆళ్లగడ్డ రోడ్డెక్కగానే పడమటి ఎండ నేరుగా నా ముఖం మీద పడింది. ఆ కిటికీకి తెర లేదు. ఆయన నా నీడలో ఒదిగి, దారిలో శిరివెళ్ల వచ్చిపోయింది కూడా తెలియకుండా గురక పెట్టాడు.

ఆళ్లగడ్డలో దిగబోతుంటే ఫోన్ ఏనుగును వదులుకుంది. సంబరం ఆపుకోలేక ఆయనకు చూపించాను.

"ఇప్పుడా?" అంటూ తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "నేను నా కిటికీని నంద్యాలలోనే ఇడిసిపెట్టినా గదప్పా!"