తక్కువ కాలేదన్నాను

నా నడుములో నొప్పి లేదు. ఈ చిన్న మాటను దాచుకుని ఏళ్లు గడిపాను. గనిలో ఎత్తిన బరువులన్నీ దీనికంటే తేలిక. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

భూపాలపల్లిలో బొగ్గు గని కార్మికుణ్ణి నేను. వెన్నుపూస జారి కాలు గుంజుతుంటే జనగామలో ఒక దవాఖానలో ఆపరేషన్ చేయించుకున్నాను. చేసిన డాక్టరమ్మ పద్ధతే వేరు. ఎక్స్‌రే చూసి బాగైందని పంపేసే మనిషి కాదు. కింద కూర్చుని లేవగలుగుతున్నావా, నిద్ర పడుతోందా, వంగి చెప్పులు వేసుకుంటున్నావా అని ప్రతి ఒక్కరినీ కూర్చోబెట్టి అడిగేది.

"ఫొటోల మంచిగనే ఉన్నది బాపూ. గానీ నీ పెయ్యి సంగతి నీకే ఎరుక. ఎట్లున్నదో నువ్వే చెప్పాలె."

బాగుంది. మళ్లీ చూపించుకోవడానికి వెళ్లిన ఆ రోజు బస్సు దిగి ఏ ఊతమూ లేకుండా నడిచి వచ్చాను. కానీ నేనిక గని పనికి పనికిరానని డాక్టర్లు తేలిస్తేనే నా ఉద్యోగం నా బిడ్డకు వస్తుంది. డిగ్రీ చదివి ఖాళీగా ఉంది తను.

"గట్లనే ఉన్నదమ్మా. నిలవడుడే కష్టమైతాంది."

ఆమె నన్ను అనుమానించలేదు. ముఖం మాత్రం చిన్నబోయింది. తన చేతిలో ఏం పొరపాటు జరిగిందా అని వెతుక్కుంటున్నట్టు ఫొటోలు మళ్లీ చూసింది.

పక్క బల్ల మీద ఒకావిడ మా మాటలు వింటోంది. పేరు సక్రి. తొర్రూరు దగ్గరి తండా. నాకున్న జబ్బే ఆమెకూ. మర్నాడే ఆపరేషన్.

"అన్నా, నిజం చెప్పు. చేపిచ్చుకుంటే తక్కువైతదా?"

డాక్టరమ్మ అక్కడే ఉంది. ఇప్పుడు మాట మారిస్తే దొరికిపోతాను.

"నాకైతే తక్కువ కాలేదక్కా."

సాయంత్రం బస్టాండులో ఆమె మూట పట్టుకుని తొర్రూరు బస్సెక్కడం చూశాను. ఆపలేదు.

బిడ్డకు ఉద్యోగం వచ్చింది. దానికి బాధపడుతున్నానా? లేదు. జీవితమంతా బొగ్గు దుమ్ము మింగినవాణ్ణి, ఆ అబద్ధానికి సాకులు వెతుక్కోగలను. కానీ సక్రి నన్నడిగింది ఉద్యోగం గురించి కాదు, తన నడుము గురించి. డాక్టరు మాటకంటే తనలా నొప్పి పడ్డ మనిషి మాటే నిజమని నమ్మి అడిగింది. ఆమెకెందుకు అబద్ధం చెప్పాను? భయపడి. అంతే.

మొన్న తొర్రూరు మార్కెట్లో ఆమె కనిపించింది. రెండుగా వంగిపోయి, కర్ర పట్టుకుని. ఒక కాలు ఈడుస్తోంది. ముందు నన్ను గుర్తుపట్టింది ఆమే.

"నీకు గూడ తక్కువ కాకపాయె, పాపం. ఎట్ల బతుకుతున్నవ్ అన్నా?"

తిట్టినా తట్టుకునేవాణ్ణి. నా మీద జాలిపడింది.

"నాకు గప్పుడే తక్కువైందక్కా. నీకు అబద్ధం చెప్పిన."

కర్ర మీద బరువంతా వేసి, నా ముఖం చూద్దామని తలెత్తబోయింది. సగం దాకానే లేచింది. నేనే కిందికి వంగాను. ఆమె నా ముఖం చూసి, కాలీడ్చుకుంటూ జనంలోకి వెళ్లిపోయింది.

ఆమె నన్ను క్షమించలేదు. నేనూ అడగలేదు. అయినా చెప్పేశాక గుండె తేలికపడింది. తేలికపడినందుకు సిగ్గుపడుతూనే ఈ నాలుగు ముక్కలూ రాశాను.