ఎత్తుకుపోని తాత

ఉయ్యూరు దాటగానే మా పాప చెప్పొకటి కిటికీలోంచి జారి రోడ్డు మీద పడిపోయింది. బస్సు ఆపమని ఒకటే ఏడుపు. దానికి అప్పుడు నాలుగేళ్లు. చల్లపల్లి బస్సు కిక్కిరిసి ఉంది, అందరూ మమ్మల్నే చూస్తున్నారు. ఎంత సముదాయించినా వినకపోయేసరికి నాకు ఒళ్లు మండింది. పక్కన గుబురు మీసాల పెద్దాయన ఒకరు ఒళ్లో సంచితో కూర్చున్నారు. చిన్నప్పుడు మా నాన్న నాకు చేసినట్టే, నేనూ ఆయన వైపు వేలు చూపించాను.

"నోరు మూస్తావా, ఈ తాతకి ఇచ్చేయనా? సంచిలో వేసుకుపోతాడు."

పాప ఏడుపు మింగేసి, ఊపిరి బిగబట్టింది. ఇలాంటప్పుడు ఎవరైనా కళ్లు ఉరిమి మనకు వంత పాడతారు. ఆయన పాడలేదు.

"నేనెవర్నీ తీసుకుపోనండి. నన్నిందులోకి లాగకండి," అన్నారు. గొంతులో కోపం తెలుస్తూనే ఉంది. తర్వాత సంచి తెరిచి పాపకి చూపించారు. లోపల తువ్వాలు, మందుల చీటీ, నాలుగు అరటిపళ్లు ఉన్నాయి.

"చూడమ్మా, ఇందులో పిల్లలెవరూ లేరు. నేను పామర్రులో దిగిపోతా. నువ్వు మీ నాన్నతోనే వెళ్తావు."

నా ముఖం మాడిపోయింది. పామర్రు వచ్చేదాకా మళ్లీ ఆయన వైపు చూడలేదు. ఆయన దిగి బస్సు కదిలాక చూస్తే, నా చొక్కా అంచు ఇంకా పాప గుప్పిట్లోనే నలుగుతోంది.

"తాత దిగిపోయాడుగా, ఇంకా భయమెందుకు?" అన్నాను.

"ఇంకో తాత ఎక్కితే ఇచ్చేస్తావా నాన్నా?" అంది.