మా మేనత్త చేపనూనె తాగిన సంగతి

మా మేనత్త నీళ్ల బిందె ఎత్తబోయి నడుము పట్టుకుని కూలబడింది. మామ పోయినప్పటి నుంచి మగ్గం నేసేది ఆమే. కూడూ దాని మీదే, గర్వమూ దాని మీదే. సెలవులకు వచ్చిన నేను బండి కట్టించి కడప ఆసుపత్రికి తీసుకుపోయాను. అక్కడి డాక్టరమ్మ, ముట్లుడిగాక కొందరు ఆడవాళ్లకు ఎముకలు గుల్లబారతాయని, వెన్నులో ఒకటి నలిగిందని, కొన్నాళ్లు మంచం దిగవద్దని చెప్పి సీసాతో చేపనూనె ఇప్పించింది.

"మళ్లా మగ్గం గుంతలోకి దిగొచ్చా, తల్లీ?" అత్త అడిగింది అదొక్కటే.

"చూద్దాం" అంది డాక్టరమ్మ. ఆ మాటకు అర్థం మద్రాసులో చదివి కూడా నాకు తెలియలేదు.

కాంపౌండరు పొద్దున రెండు చెంచాలు, సాయంత్రం రెండు చెంచాలు అన్నాడు. తాగమనలేదు. మా వైపు నడుము నొప్పికి నూనె అంటే రుద్దుకునేదే. అత్త శ్రద్ధగా రుద్దించుకుంది. వీధిలోని పిల్లులకు ఆమె మీద అంతవరకు లేని భక్తి కలిగింది.

మళ్లీ వెళ్లినప్పుడు డాక్టరమ్మ దూరం నుంచే ముక్కు మూసుకుంది. "రుద్దుకోవడం కాదమ్మా, తాగాలి."

మా ఇంటా వంటా చేప లేదు. బండి దిగాక అత్త అంది: "రుచికి తింటే తిండి, అల్లుడా. దీని వాసనకే కక్కొస్తాండాది. కాబట్టి ఇది మందే." ఇంత పొట్టి తీర్పు నేను ఏ పండితుడి నోటా వినలేదు.

పక్కింటామె ఊరుకుంటుందా? "ఏమక్కా, చేపలు తింటాండావంట?"

"తిన్లేదమ్మే, తాగినా. నీకూ ఒక చెంచా పొయ్యాల్నా?"

ఆమె ఆ ప్రస్తావన మళ్లీ తేలేదు.

వానలు పడేసరికి నొప్పి తగ్గింది. నూనె మహిమో, పడుకున్న మహిమో నేను చెప్పలేను. వెన్ను నలిగినప్పుడు వంగిన నడుము మాత్రం వంగే ఉంది. మళ్లీ ఆసుపత్రికి పోతే, అది ఇక నిటారు కాదని డాక్టరమ్మ నొచ్చుకుంటూ చెప్పింది.

"మగ్గం ముందర నిటారుగా ఎవురు కూచుంటారమ్మా? దిగొచ్చా లేదా, అది చెప్పు."

"ఎవరైనా పట్టుకుంటే దిగొచ్చు. బరువులు మాత్రం ఎత్తకూడదు."

మరునాడు నేనొక చేయి, పక్కింటామె ఒక చేయి పట్టుకుని దింపాం. అత్త గుంతలో కాళ్లు సర్దుకుని, పోగు నేసే నాడె చేతికి తీసుకుని, మా ఇద్దరినీ ఒకసారి చూసింది.

"ఇంగ వెలుతురికి అడ్డం తప్పుకోండి" అంది.