నేను చూడని గోలు

నిన్న మా అపార్టుమెంటు ప్రహరీకి సున్నం వేశారు. వేసిన గంటకే వాన పడింది. చెన్నై వానకి ఎప్పుడూ అదే బుద్ధి. బాల్కనీ తలుపు తీయగానే తడిసిన సున్నం వాసన గుప్పుమని కొట్టింది. చేతిలో కాఫీ గ్లాసుతో అక్కడే గడప మీద కూలబడ్డాను. వాన వెలిసిన ఫుట్‌బాల్ మైదానంలో, కొత్తగా గీసిన తెల్లగీతల మీదినుంచి వచ్చే వాసన సరిగ్గా అదే. అది తెలియని వాళ్ళు ఎంత అదృష్టవంతులో అని ఒక్కోసారి కసిగా అనుకుంటాను.

అది చాలదన్నట్టు, సాయంత్రం ఆఫీసు కాల్‌లో అమెరికాలోని మా మేనేజరు కెవిన్, పని మాటలు అయ్యాక, తానీ మధ్యే సాకర్ చూడటం మొదలుపెట్టానన్నాడు. మనం ఫుట్‌బాల్ అనే ఆటని వాళ్ళు అలా పిలుస్తారు. "నువ్వు చాన్నాళ్ళుగా చూస్తున్నావట కదా, కొత్తవాడు ఎక్కడ మొదలుపెట్టాలి? ఏ టీముని పట్టుకోవాలి?" అని పండగకి బట్టలు కొనుక్కునేవాడిలా అడిగాడు. నెట్‌వర్క్ బాగాలేదని చెప్పి పెట్టేశాను. నెట్‌వర్క్ నిక్షేపంగా ఉంది. అబద్ధాలాడటం నాకు కొత్త కాదు, ఈ రాసేదంతా ఆ సంగతే.

నాకు ఆట నేర్పిన మనిషి పేరు చెంగల్రాయుడు. నేను ఒంగోలు నుంచి ఉద్యోగానికి చెన్నై వచ్చి పెరంబూరులో మేడ మీద గది అద్దెకు తీసుకున్నప్పుడు, కింది వాటాలో ఆయనా, ఆయన భార్య సరోజమ్మా ఉండేవారు. ముత్తాతల నాడు మద్రాసు చేరిన తెలుగు కుటుంబం. రైలు పెట్టెలు తయారుచేసే చోట ఫిట్టరుగా పనిచేసి రిటైరయ్యాడు. వయసులో ఉన్నప్పుడు, అక్కడి కార్మికులు తమలో తాము పెట్టుకున్న చిన్న క్లబ్బుకి గోలు కాచే గోలీగా ఆడాడట. క్వార్టర్స్ టీము అనేవారు దాన్ని. డెబ్బై దాటాక నీటికాసుల జబ్బు వచ్చి రెండు కళ్ళూ పోయాయి. వెలుగుందో లేదో మాత్రం తెలిసేది. అయినా శనివారం వస్తే మధ్యాహ్నం రెండింటికల్లా చొక్కా గుండీలు పెట్టుకుని వాకిట్లో కూర్చునేవాడు, మ్యాచికి ఎవరైనా తీసుకెళ్తారేమోనని.

సరోజమ్మకి మోకాళ్ళ నొప్పులు. ఒక శనివారం మెట్ల దగ్గర నన్ను ఆపింది. "పాపా, నీకు ఈరోజు లీవు గదా. ఈయన్ని ఆడ గ్రౌండు దాకా తీస్కపోయి రా మా. ఇంట్లో ఉంటే నా ప్రాణం తోడేస్తాడు."

నాకు క్రికెట్ తప్ప ఇంకో ఆట తెలియదు. ఊళ్ళో తెలిసినవాళ్ళూ లేరు. గదిలో గోడలు చూస్తూ కూర్చునే బదులు ఇదేదో నయం కదా అని, "పదండి రాయుడుగారూ" అని చెయ్యి పట్టుకున్నాను.

"గారు యాందిమా గారు? మా ఈడ గారు అంటే ఎక్కిరించినట్ల ఉంటాది. బాబాయ్ అను, చాలు."

మైదానంలో మూడు వరుసల రాతి మెట్లు. జనం ముప్ఫైమంది ఉంటారేమో. కింది మెట్టు మీద కూర్చున్నాక ఆయన మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, "ఊఁ, చెప్పు" అన్నాడు. నేను రేడియోలో క్రికెట్ చెప్పేవాళ్ళని తలుచుకుని మొదలుపెట్టాను: ఎర్రచొక్కా అతను తన్నాడు, ఇంకొకతను తన్నాడు, బయటికి పోయింది. కాసేపు ఓర్చుకున్నాడు పాపం. తర్వాత పకపకా నవ్వాడు.

"బంతి యాడ పోతాండాదో నా చెవులకే తెలస్తాది మా. గుడ్డికన్ను మూసినా ఒకటే, తెరిచినా ఒకటే, చెవులు పోలేదు గదా నాకు. బంతి లేని చోట చూడు. ఆడ ఎవుడు నిలబడుండాడు, ఎవుడు నడస్తా ఉండాడు, ఎవుడు సోంబేరిగా సుమ్మా నిలబడి చూస్తా ఉండాడు, అది చెప్పు. ఆటంతా ఆడనే ఉంటాది."

ఆ రోజు క్వార్టర్స్ టీము మూడు గోల్స్ తేడాతో ఓడిపోయింది. ఇంటికి వస్తూ, "మీవాళ్ళు ఓడిపోయారు కదా బాబాయ్, బాధగా లేదా?" అన్నాను. ఠక్కున ఆగిపోయాడు. "మీవాళ్ళు ఎవురు? నా పక్కన కూర్చోని చూసినాక నీవాళ్ళు గాదా?" అన్నాడు. ఆ మాటకి నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఆ ఊళ్ళో నన్ను ఒక వైపు నిలబెట్టి, ఇది నీది అన్న మొదటి మనిషి ఆయన. టీముని ఎంచుకోవడం అంటే కెవిన్ అనుకుంటున్నట్టు రంగులూ జెండాలూ చూడటం కాదు. ఎవరి పక్కన కూర్చున్నావో అదే నీ టీము.

అలా రెండేళ్ళు. ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో నా బుర్రకి ఎన్నాళ్ళకీ ఎక్కకపోతే, ఒక ఆదివారం పొద్దున వాకిట్లో ఉన్న చెప్పులన్నీ తడుముకుంటూ వరసగా పేర్చాడు. ఆయన పాత బూటు గోలీ. సరోజమ్మ హవాయి చెప్పులు గోలీ ముందు కాపలా ఉండే బ్యాకులు. నా ఆఫీసు చెప్పు దాడికి వచ్చే మనిషి. "చూడు మా. బంతి తన్నే టయానికి నీ చెప్పు ఈ కడాకరి హవాయి చెప్పుని, ఆఖర్న ఉండేదాన్ని, దాటి ముందర ఉండకూడదు. ముందరే పోయి గోలీ దగ్గర కాచుకోని ఉండేది దొంగతనం. గోలు పడినా చెల్లదు. అర్థమయిందా?" లోపలినుంచి సరోజమ్మ, "గుడికి పోవాల, నా చెప్పులియ్యండయ్యా సామీ!" అని అరుస్తోంది. "మ్యాచి అయినాక పో!" అని ఈయన. ఆ పొద్దున నాకు ఆఫ్‌సైడ్ అర్థమైంది. అర్థం కాకపోయినా బాగుండేది.

ఆయనకి ఇంకో పట్టుదల ఉండేది. గోలు పడితే గోలీని తిట్టనిచ్చేవాడు కాదు. "గోలీ దాకా వచ్చేలోపల పదిమంది తప్పు చేసుంటారు. కనపడేది మాత్రం వాడొక్కడే." అప్పటి మా గోలీ ఏలుమలై, ముప్ఫై ఏళ్ళ ఫిట్టరు, ఈయన పనిచేసిన సెక్షన్‌లోనే చేరినవాడు. ఏలుమలైని ఎవరేమన్నా ఈయనకి ఒళ్ళు మండేది. మ్యాచి అయిన సాయంత్రం వీధి మొగలో టీకొట్టుకి కర్ర పట్టుకుని ఒక్కడే వెళ్ళేవాడు. అక్కడ పాత ఆటగాళ్ళకి మ్యాచి మొత్తం వర్ణించి, తప్పు ఎక్కడ మొదలైందో చెప్పేవాడు. కళ్ళతో చూసొచ్చినవాళ్ళు కూడా నోరు మూసుకుని వినేవారు. నేను చెప్పిన ముక్కలే అవి. ఆయన నోట్లో అవి ఆట అయ్యేవి. ఆ పావుగంట కోసమే ఆయన వారమంతా బతికేవాడని నాకు బాగా తెలుసు.

రెండో ఏడు చివర మా టీము అట్టడుగుకి చేరింది. ఆఖరి మ్యాచి డ్రా చేసుకుంటే చాలు, ఉన్న డివిజన్‌లో మిగులుతాం. ఓడితే కింది డివిజన్‌కి పడిపోతాం. పడితే ఉన్న నలుగురు మంచి ఆటగాళ్ళూ వేరే క్లబ్బులు చూసుకుంటారు, టీము ఎత్తేస్తారు. ఇది అందరికీ తెలిసిన సంగతే. ఆ వారమంతా ఆయన సరిగా తినలేదని సరోజమ్మ చెప్పింది.

మధ్యాహ్నం వాన పడి వెలిసింది. గీతలు మళ్ళీ గీశారు. సున్నం వాసన. ఆట మొదలైంది. నేను చెబుతూనే ఉన్నాను, గొంతు బొంగురుపోయింది. ఎనభై నిమిషాలు దాటినా ఎవరికీ గోలు లేదు. అవతలివాళ్ళు మా గోలు వైపు వచ్చినప్పుడల్లా ఆయన చేతులు మోకాళ్ళ మీదినుంచి లేచేవి. వేళ్ళు విప్పుకుని, నేను ఎడమ అంటే ఎడమకి, కుడి అంటే కుడికి కదిలేవి. తనే గోలులో నిలబడ్డట్టు. డెబ్బై దాటిన చేతులు, వంకర పోయిన వేళ్ళు. వాటినే చూస్తూ ఉండిపోయాను. బంతి లేని చోట చూడమని నేర్పింది ఆయనే కదా. ఎంతసేపు చూశాను? రెండు మూడు క్షణాలు.

అవతలి వాళ్ళ అరుపు వినబడింది. తలెత్తేసరికి బంతి వలలో ఉంది. ఏలుమలై బురదలో బోర్లా పడి ఉన్నాడు.

"ఏమయింది?" ఆయన నా మోచేయి పట్టుకున్నాడు. "ఏమయింది మా?"

"ఆఫ్‌సైడ్ బాబాయ్" అన్నాను.

ఎందుకన్నానో ఈ రోజుకీ తెలియదు. జాలి అని సరిపెట్టుకుందామని ఎన్నోసార్లు చూశాను. జాలి కూడా కాదు. ఆ చేతులు కిందపడటం చూసే ధైర్యం లేకపోయింది, అంతే.

"ఎవుడు?"

"ఏడో నంబరు. మన కడాకరి బ్యాకు కంటే రెండడుగులు ముందరున్నాడు. బంతి తన్నకముందే."

"లైన్‌మన్ జెండా ఎత్తినాడా?"

"ఎత్తాడు."

మళ్ళీ విజిల్ వినబడితే, మనకి ఫ్రీ కిక్ ఇచ్చారన్నాను. చివరి విజిల్ పడితే, డ్రా అన్నాను. అవతలివాళ్ళు కేకలు వేస్తుంటే, వాళ్ళకీ ఆ ఒక్క పాయింటు చాలులే అన్నాను. ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోయాను. రెండేళ్ళలో నేను అంత బాగా, అంత వివరంగా చెప్పిన ఘట్టం ఇంకొకటి లేదు. ఆయన నేర్పిన ప్రతి ముక్కా దానికే వాడాను. ఆయన కళ్ళు తుడుచుకుంటూ, "చూపు పోయినా నీళ్ళు మాత్రం పోలేదు చూడు మా" అని నవ్వాడు. ఎవరూ పలకరించకముందే ఆయన్ని లేపి ఆటో ఎక్కించాను.

దారి పొడుగునా నిజం చెప్పడానికి టైముంది. ఇంటి ముందు దిగాకా ఉంది. ఆయన లోపలికి కూడా రాకుండా కర్ర టకటకలాడించుకుంటూ టీకొట్టు వైపు నడిచాడు. పరుగెత్తి ఆపాలి కదా! నేను మేడెక్కి పిట్టగోడ పట్టుకుని నిలబడ్డాను. అక్కడినుంచి కొట్టు కనిపిస్తుంది. ఆయన చేతులు తిప్పుతూ చెబుతున్నాడు, ఏడో నంబరు, రెండడుగులు, జెండా. తర్వాత ఎవడో, "రాయుడన్నా, నువ్వు ఏ ఊరి మ్యాచి చూసొచ్చినావు?" అని గట్టిగా అన్నాడు. నవ్వులు. ఒక పెద్దాయన మాత్రం నవ్వకుండా లేచి, ఈయన భుజం మీద చెయ్యి వేసి చెవిలో ఏదో చెప్పాడు. తిరిగి వచ్చేటప్పుడు కర్ర చప్పుడు కూడా వినబడలేదు.

నన్ను పల్లెత్తు మాట అనలేదు. నాలుగు తిట్లు తిట్టినా బతికిపోయేదాన్ని. వారం తర్వాత తలుపు దగ్గర నిలబడి, "బాబాయ్, తప్పయిపోయింది" అన్నాను. ఆయన కర్ర మూలకి ఆనించాడు.

"కండ్లు పోయినా ఆట నాకాడనే ఉండాదనుకుంటిని మా. నువ్వు చెప్పేది నిజమా కాదా అని ఇంక ప్రతిదానికీ తడుముకోవాల గదా. వద్దులే. నువ్వు పో."

టీము ఎత్తేశారు. ఆయన మళ్ళీ టీకొట్టుకి వెళ్ళలేదు. నేనెన్ని శనివారాలు కిందికి దిగినా రేడియో పెట్టుకుని అటు తిరిగి పడుకునేవాడు. ఆ ఏడు వానాకాలంలో ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. ఒక సాయంత్రం సరోజమ్మ మెట్ల కిందినుంచి పిలిచింది. "పాపా, దిగిరా మా. నిన్నే అడగతా ఉండాడు."

మంచం మీద పిడికెడంత అయిపోయి ఉన్నాడు. నేను కూర్చోగానే మోచేయి వెతికి పట్టుకున్నాడు, మైదానంలో పట్టుకున్నట్టే.

"ఒకటి అడగతాను. అందరూ ఏలుమలై తప్పు, ఏలుమలై తప్పు అంటా ఉండారంట. నాకు నమ్మకం లేదు. నువ్వు చూసినావు గదా. ఈసారి నిజంగా చెప్పు మా. ఎట్ల పడింది ఆ గోలు? బ్యాకులు యాడ ఉండారు?"

ఇంకో అబద్ధం నాలిక చివరిదాకా వచ్చింది. ఎడమ బ్యాకు జారిపడ్డాడని చెబితే చాలు, ఆయన హాయిగా కళ్ళు మూసుకునేవాడు. నమ్మేవాడు కూడా.

"నేను చూడలేదు బాబాయ్" అన్నాను. "అప్పుడు నేను ఆట చూడటం లేదు. నిన్ను చూస్తున్నాను. నీ చేతుల్ని."

ఆయన మోచేయి వదిలేశాడు.

"నన్నెందుకు చూసినావు మా?" అన్నాడు. "నేను యాడికి పోతాను?"

గోడ వైపు తిరిగాడు. నాలుగో రోజు పోయాడు.

ఆ తర్వాత ఆ గోలు గురించి కనబడినవాళ్ళనల్లా అడిగాను. ఎవరూ వీడియో తీయలేదు. ఒకడు గోలీ చేతుల్లోంచి జారిందంటాడు, ఇంకొకడు బ్యాకు కాలికి తగిలి తిరిగిందంటాడు, మూడోవాడు రెండూ కాదంటాడు. ఒకసారి పెరంబూరు స్టేషన్లో ఏలుమలై కనిపించాడు. అడిగితే, "అది మాత్రం అడగొద్దక్కా" అని వచ్చిన బండెక్కి వెళ్ళిపోయాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే. ఎవరు సరిగ్గా చెప్పినా, వెళ్ళి చెప్పడానికి అవతల మనిషి లేడు.

ఈ పొద్దున కెవిన్‌కి జవాబు రాశాను. నీ ఇంటికి దగ్గర్లో ఏ టీము ఆడితే దాని మ్యాచికి వెళ్ళు, ఎవరి పక్కనైనా కూర్చో, అని. ఆట మీంచి మాత్రం చూపు తిప్పకు అని ఇంకో వాక్యం కూడా రాసి, పంపకుండా కొట్టేశాను.

ఈ శనివారమూ వెళ్తాను. ఎవరి టీమైనా నాకు ఒకటే. అదే కింది మెట్టు మీద కూర్చుని, ఎవడు ఎక్కడ నిలబడ్డాడో పైకే చెబుతాను. పక్కవాళ్ళు పిచ్చిదాన్ని చూసినట్టు చూస్తారు. నేనెవరి వైపూ చూడను. ప్రతి గోలూ రెప్ప వేయకుండా చూస్తాను. వాటిలో ఏదీ అది కాదు.