సాలూరులో మడ్ టైర్లు

వానాకాలంలో కొండదారి బురదలో జీపు తోలాలన్న సరదాతో సాలూరులో మడ్ టైర్లు కొంటున్నాను. పక్కనే కొండ ఊళ్ళకి జీపు నడిపే ముసలాయన ఒక్కో టైరు గాడిలో వేలుపెట్టి లోతు చూస్తున్నాడు.

"ఏ టైరైతే దిగబడదండీ?" అనడిగాను.

"దిగబడంది ఏటుంటాది బాబూ? మొన్న సగం దారిలో నా జీపు కూరుకుపోనాది. నొప్పులొస్తన్న నా కోడల్ని దించి డోలీ కట్టినాం. రోడ్డెక్కేసరికే పేణం పోనాది."

ఆయన జీపుకి కొత్త టైర్లు బిగించాక, కొట్టతను చక్రాల కింద నిమ్మకాయలు పెట్టబోయాడు.

"ఒద్దు నాయనా. ఆ పాత టైర్లకీ తొక్కించినాను," అంటూ తీసి పక్కన పెట్టేశాడు.

తర్వాత నా టైర్లు చూశాడు. "కొండమీద మీవోల్లెవులికి బాగోలేదు బాబూ?"